సెల్లు కడిగే సత్తమ్మ

మూడో కడుగు నీళ్ళు కూడా వంపేసి, సెల్లుని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది సత్తమ్మ. చిటికెన వేలంత పొడవు, నాలుగు పలకలు, అడుగు మూసి పైన తెరిచి ఉన్న చిన్న గాజు గొట్టం అది. మామూలు గాజు కాదు, క్వార్ట్జ్. నాలుగు పక్కల నుంచీ వెలుగు పోవాలి, రావాలి కాబట్టి ఏ పక్కా వేలు తగలకూడదు. పై అంచు దగ్గర మూలల్ని బొటనవేలు, చూపుడువేలు కొసలతో పట్టుకోవాలి, అంతే. సత్తమ్మ పదహారేళ్ళుగా అలాగే పట్టుకుంటోంది. ఒక్కటి పగలలేదు. ఈ మాట ఆ ల్యాబులో ఎమ్మెస్సీలు చదివినవాళ్ళు ఒక్కరు కూడా తమ గురించి చెప్పుకోలేరు.

వెలుతురుకు పట్టి చూడటంతో పని అయిపోదు. గోడవారగా నల్లగుడ్డ తెర కట్టిన రేకు డబ్బా ఒకటి ఉంది. లోపల ఊదారంగు బల్బు. అందరూ దాన్ని యూవీ డబ్బా అంటారు. సత్తమ్మ తెర ఎత్తి, తల లోపలికి పెట్టి, స్విచ్చి వేసింది. చీర కొంగు నీలంగా భగ్గుమంది. ఇంట్లో బట్టలుతికే సబ్బుపొడిలో తెలుపు కోసం కలిపే మందు ఆ లైటు కింద అలా వెలుగుతుంది. గోళ్ళ అంచులు కూడా కొంచెం వెలిగాయి. చేతిలో సెల్లు మాత్రం చీకట్లో కలిసిపోయింది. కనపడలేదంటే శుభ్రంగా ఉన్నట్టు. సత్తమ్మ తృప్తిగా తల బయటికి తీసి, సెల్లుని మెత్తటి కాగితం మీద బోర్లించింది.

నాచారం పారిశ్రామికవాడలో, అట్టపెట్టెల గోడౌను పైన రెండో అంతస్తులో ఉంది ఆ ల్యాబు. పేరు నిశ్చయ ల్యాబ్స్. చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్ళు నీళ్ళూ, మందులూ, రంగులూ, మురుగూ పంపిస్తారు. వీళ్ళు పరీక్ష చేసి కాగితం ఇస్తారు. సత్తమ్మ పని గాజుసామాను కడగటం. పారిశ్రామికవాడ వెనక బండల బస్తీలో ఆమె ఇల్లు. చేతుల్లోకి మొబైల్ ఫోన్లు వచ్చిన కొత్తలో బస్తీ ఆడవాళ్ళు ఆమెను ఆటపట్టించేవాళ్ళు, సెల్లు నీళ్ళల్లో కడిగితే ఖరాబు కాదా సత్తక్కా అని. ఆమె నవ్వి ఊరుకునేది. చివరికి ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు బస్తీలో ఎవరినైనా సెల్లు కడిగే సత్తమ్మ ఇల్లేదని అడిగితే చూపిస్తారు.

యాభై రెండేళ్ళ మనిషి. ఎండిన ఒళ్ళు, ముక్కుకు చిన్న పుడక, సింకు మీద వంగీ వంగీ కాస్త ముందుకు వాలిన మెడ. ఆసిడ్ నీళ్ళు తగిలి తగిలి వేళ్ళ కొసల మీద చర్మం నున్నగా అరిగిపోయింది. రేషన్ కార్డు కోసం వేలిముద్ర వెయ్యమంటే గీతలు పడలేదని ఆఫీసువాడు విసుక్కున్నాడట. నేను సంతకం పెడతానయ్యా అని, పెన్ను లాక్కుని పెట్టి వచ్చింది.

ఆ సంతకం వెనక ఒక కథ ఉంది. సత్తమ్మ పనిలో చేరిన రెండో ఏడు, గాజు కడిగే ప్రత్యేకమైన సబ్బునీళ్ళు అయిపోయాయి. పెద్దసారుకు చెప్పటానికి మొహమాటపడి, గాజు తళతళలాడాలని ముచ్చటపడి, ఇంటినుంచి బట్టల సబ్బుపొడి తెచ్చి కడిగేసింది. మూడు రోజులు ల్యాబంతా పిచ్చెక్కిపోయింది. మంచినీళ్ళు పెట్టినా మిషను ఏదో ఉందంటుంది. మురుగు పెట్టినా ఉందంటుంది. చివరికి పెద్దసారు రామ్మోహనరావు గారు ఆమెను పిలిచి, యూవీ డబ్బాలో ఆమె చెయ్యి పెట్టించారు. మోచేతిదాకా నీలంగా వెలుగుతున్న తన చేతిని చూసి సత్తమ్మ హడలిపోయింది. ఉద్యోగం ఊడిందనే అనుకుంది. ఆయన తిట్టలేదు. స్టూలు వేసి కూర్చోబెట్టి, మిషను చేసే పని చెప్పారు.

"వెలుగు పెట్టి కొడితే కొన్ని పదార్థాలు తిరిగి తమ వెలుగు చూపిస్తాయి సత్తమ్మా. దేని వెలుగు దానిదే. మనిషికి వేలిముద్ర ఉన్నట్టే దానికీ ఉంటుంది. అది అబద్ధం ఆడదు. గాజు శుభ్రంగా లేకపోతే మాత్రం మనచేత అబద్ధం ఆడిస్తుంది. అందుకని ఈ ల్యాబుకి నువ్వే పెద్ద."

ఆ చివరి మాట సత్తమ్మ మరిచిపోలేదు. ఇన్నేళ్ళ జీవితంలో ఇంకెవరూ ఆమెతో అలాంటి మాట అనలేదు. ఆ రోజు నుంచే వాషింగ్ రిజిస్టరు మొదలైంది. తేదీ, ఎన్ని గాజులు, ఏ సబ్బు, కడిగినవాళ్ళ సంతకం. మొదటి నెల వేలిముద్రలే వేసింది. ఆయనకు నచ్చలేదు. రోజూ అన్నం తిన్నాక పావుగంట కూర్చోబెట్టి పేరు దిద్దించారు. 'త'కి 'త' వత్తు పెట్టటం రావటానికే వారం పట్టింది. వచ్చాక మాత్రం ఇంక ఆమె వేలు సిరాలో ముంచలేదు. ఇప్పటికీ ఆ సంతకంలో వత్తు అక్షరం కన్నా లావుగా ఉంటుంది. ఆయన పోయి మూడేళ్ళయింది.

పదిన్నరకు చంద్రిక వచ్చి తెల్లకోటు తొడుక్కుంది. తణుకు పిల్ల. ఉప్పల్లో అద్దెకుంటుంది. మిషను మీద కూర్చునేది ఆమే. సత్తమ్మను ఆంటీ అంటుంది. నీళ్ళ డబ్బా ఒకటి బల్ల మీద పెట్టి, దాని మీద అంటించిన నంబరు పుస్తకంలో రాసుకుంటోంది. ఎక్కడి నీళ్ళో పేరు ఉండదు, నంబరే. కాని సత్తమ్మకు నంబరుతో పని లేదు. డబ్బా మూతకు ఎర్రదారం కట్టి ఉంది. ఆ దారం కట్టింది బస్తీ పెద్దమనిషి హన్మయ్య. నిన్న సాయంత్రం పోచమ్మ గుడి పక్క బోరింగు దగ్గర నీళ్ళు పడుతుంటే, తోవలో డబ్బా మారుస్తారేమోనని, తన ముంజేతి దారం విప్పి మూతకు ముడేశాడు. సత్తమ్మ పక్కనే నిలబడి చూసింది.

ఆ నీళ్ళ సంగతి చెప్పాలంటే పక్కవీధిలో రంగుల కంపెనీ సంగతి చెప్పాలి. బట్టలకు వేసే రంగుల ముడిసరుకు తయారుచేస్తుంది. సత్తమ్మ పెనిమిటి బుచ్చిరాములు పద్నాలుగేళ్ళు అందులోనే పనిచేశాడు. ఆలేరు దగ్గరి ఊరు వదిలి వాళ్ళిద్దరూ ఈ బస్తీకి వచ్చిందే ఆ పని కోసం. ఎంత రుద్ది స్నానం చేసినా అతని చెమట పచ్చగానే ఉండేది. దిండు గలీబులు పచ్చగా మారేవి. మూత్రపు సంచిలో పుండు పుట్టి పోయాడు. దవాఖానాలో డాక్టరు ఏం పని చేసేవాడని అడిగాడు, విన్నాడు, కాగితం మీద మాత్రం రాయలేదు. కంపెనీ ఒక దండ పంపించింది. దండ! పద్నాలుగేళ్ళకి!

రెండేళ్ళ కిందట బస్తీ బోరింగులో నీళ్ళు కూడా లేత పచ్చగా మారాయి. జనం మున్సిపాలిటీ ఆఫీసు ముందు బిందెలతో కూర్చుంటే రోజు మార్చి రోజు ట్యాంకరు వస్తోంది. ఇప్పుడు కంపెనీవాళ్ళు మురుగు శుద్ధిచేసే ప్లాంటు పెట్టామనీ, నీళ్ళు బాగుపడ్డాయనీ, కావాలంటే పరీక్ష చేయించుకోండనీ అంటున్నారు. చేయించేదీ వాళ్ళే. రిపోర్టు మంచిగా వస్తే ట్యాంకరు బంద్. నూట ఇరవై ఇళ్ళు మళ్ళీ ఆ బోరింగు నీళ్ళే తాగాలి. ఆ డబ్బా ఇప్పుడు చంద్రిక బల్ల మీద ఉంది.

చంద్రిక ముందు బ్లాంకు పెట్టింది. సత్తమ్మ దాన్ని బిలాంకు అంటుంది. ఏమీ కలపని స్వచ్ఛమైన నీళ్ళు. వాటిని సెల్లులో పోసి మిషనులో పెట్టి, ఇదే సున్నా అని మిషనుకు చెప్పాలి. ఆ తర్వాత ఏ నీళ్ళు పెట్టినా, సున్నాకన్నా ఎంత ఎక్కువుందో అది చెబుతుంది. చంద్రిక సున్నా చెప్పేముందు ఆ నీళ్ళను ఒకసారి ఊరికే చదివించింది. తెర మీద గీత లేవకుండా నేలబారుగా సాగింది. అప్పుడు బ్లాంకు బటన్ నొక్కింది. సున్నా. అదే సెల్లుని వంపి, ఎర్రదారం డబ్బాలోని నీళ్ళతో మూడుసార్లు తొలిచి, నాలుగోసారి నింపి పెట్టింది.

గీత లేచింది. లేచి, దిగి, మళ్ళీ లేచింది. సత్తమ్మ సింకు దగ్గరనుంచే చూసింది. ఆ గీతల్ని ఆమె గుట్టలంటుంది. కీసర గుట్టలా ఒంటిగా నిలబడేవి కొన్ని, పడుకున్నట్టుండేవి కొన్ని. రంగుల కంపెనీ మురుగు ఈ ల్యాబుకి ఏళ్ళ తరబడి వస్తోంది. దాని గుట్టలు రెండు, పక్కపక్కన, ఎడమది పొడుగు, కుడిది పొట్టి. ఆ జంటను సత్తమ్మ కొన్ని వందల సార్లు చూసి ఉంటుంది. చదువు రాకపోతేనేం, చూపుంది. మురుగు గుట్టలు తన బస్తీ నీళ్ళలో నిలబడి ఉన్నాయి. మామూలు బోరు నీళ్ళకు ఇరవయ్యో ముప్ఫయ్యో చూపించే మిషను ఆరువందల పన్నెండు చూపిస్తోంది.

చంద్రిక ఆ అంకె పుస్తకంలో రాసుకుంది. తర్వాత వెనక్కి తిరిగి, ఇవి ఎక్కడివో మీకు తెలుసా ఆంటీ అని అడిగింది. మా బస్తీవే అంది సత్తమ్మ. తాగుతున్నారా అని అడిగింది చంద్రిక.

"ట్యాంకరు రానినాడు ఏం జేస్తం బిడ్డా. గవ్వే."

పదకొండింటికి మేనేజరు దామోదర్ వచ్చాడు. వచ్చి ఎనిమిది నెలలైంది. వరంగల్లు మనిషి, మాటకారి, ఇస్త్రీ నలగని చొక్కా. ల్యాబులోకి అడుగుపెట్టేది తక్కువ. ఎక్కువగా క్యాబిన్‌లో ఫోను పట్టుకునే ఉంటాడు. రంగుల కంపెనీ ఈ ల్యాబుకి అన్నిటికన్నా పెద్ద గిరాకీ అని సత్తమ్మకు కూడా తెలుసు. చంద్రిక కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళి, పది నిమిషాల తర్వాత ముఖం కందగడ్డలా చేసుకుని వచ్చింది. గాజు సరిగ్గా కడగలేదేమో అంటున్నారు ఆంటీ, అని సత్తమ్మతో చెప్పింది.

సత్తమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఏమన్నా అను, పని దొంగ అను, ముసల్ది అయిపోయింది అను. గాజు కడగలేదంటాడా! బోర్లించిన సెల్లుల్ని ఒక్కొక్కటీ మళ్ళీ తీసి యూవీ డబ్బాలో చూసింది. అన్నీ చీకట్లో కలిసిపోయాయి. ఒక్కటీ వెలగలేదు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు మేడ మీదికి వెళ్ళినప్పుడు దామోదర్ ల్యాబులోకి వచ్చాడు. సత్తమ్మ అద్దం తలుపు అవతల, సింకు కిందికి వంగి సీసాలు సర్దుతోంది. ఆయన ఆమెను చూడలేదు. చూసినా లెక్కచేసేవాడు కాడేమో. సెల్లుని నాలుగు వేళ్ళతో నిండా పట్టుకున్నాడు, బీడీ కట్ట పట్టుకున్నట్టు. సత్తమ్మ ప్రాణం ఉసూరుమంది. ఎర్రదారం డబ్బా మూత తీసి, ఆ నీళ్ళే సెల్లులో పోశాడు. మిషనులో పెట్టి, బ్లాంకు బటన్ నొక్కాడు. సున్నా. సెల్లు బయటికి తీసి, వంపి, మళ్ళీ అదే డబ్బాలోంచి అవే నీళ్ళు పోసి, ఈసారి శాంపిల్ బటన్ నొక్కాడు.

తెర మీద గీత నేలబారుగా పడుకుంది. రెండు.

సత్తమ్మకు క్షణం పట్టింది, అంతే. పాత కాగితాలు కొనేవాడు తూకంరాళ్ళ పళ్ళెం కింద అయస్కాంతం పెట్టినా తిట్టిపోస్తాం. ఇదీ అదే. విషం పోసి, ఇదే సున్నా అని మిషనుకు చెప్పాడు. సున్నాయే విషమైతే ఇంక విషం ఎక్కడ దొరుకుతుంది? నూట ఇరవై ఇళ్ళను ఒక్క బటన్ కింద నొక్కేశాడు. ఎంత సులువు! గాజు మీద వేళ్ళ ముద్రలు కూడా తుడవకుండా సెల్లుని సింకు పక్కన పడేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆమె అన్నం డబ్బా విప్పలేదు. సీసాల మధ్యే గొంతుకూర్చుంది. భర్త పచ్చటి దిండు గలీబు గుర్తొచ్చింది. అప్పుడు కూడా ఎవరో ఒకరు ఇలాగే ఏదో కాగితం మీద సున్నా అని రాసి ఉంటారని మొదటిసారి తట్టింది. కోపం మీద గాజు ముట్టుకోకూడదు కాబట్టి కోపం తగ్గేదాకా ఆగింది.

మూడింటికి క్యాబిన్‌కి పిలుపొచ్చింది. చంద్రిక అప్పటికే అక్కడ నిలబడి ఉంది. దామోదర్ నవ్వుతూ కుర్చీ చూపించాడు. సత్తమ్మ కూర్చోలేదు. ఎనిమిది నెలల్లో ఆయన ఆమెను కుర్చీలో కూర్చోమన్నది అదే మొదటిసారి. బల్ల మీద ఒక కాగితం, పక్కన ఊదా సిరా ప్యాడు.

విషయం ఆయనే చెప్పుకొచ్చాడు. పొద్దున ఆరువందల పన్నెండు అని మిషను రాసుకుంది, దాన్ని చెరపటం కుదరదు. సోమవారం ల్యాబు పుస్తకాలు తనిఖీ చెయ్యటానికి పైనుంచి వచ్చేవాళ్ళు ఎందుకలా వచ్చిందని అడుగుతారు. ఏదో ఒక కారణం చూపించాలి. పాత ఫైళ్ళు తిరగేస్తే ఇంతకు ముందు ఒకసారి సత్తమ్మ సబ్బుపొడితో కడిగిన సంగతి కనపడింది. ఈసారి కూడా అలాగే పొరపాటు జరిగిందని ఈ కాగితంలో ఉంది. కింద ఒక వేలిముద్ర వేస్తే సరిపోతుంది. ఉద్యోగానికేం ఢోకా లేదు, తను చూసుకుంటాడు.

"మనం మనం ఒక్కటే గదక్కా. మనోళ్ళని నేను ఇడిసిపెడ్తనా? జర ముద్ర ఎయ్యి, అయిపోతది."

సత్తమ్మ కాగితం వంక చూసింది. చదవటం రాదు. అయినా అందులో ఏముందో ఆమెకు తెలుసు. పెద్దసారు ఏనాడో క్షమించి, పాఠంగా మార్చిన తప్పును ఈయన బీరువాలోంచి తవ్వి తీశాడు. పదహారేళ్ళు కడిగిన గాజు మీద బురద చల్లి, ఆ బురదతో బస్తీ నీళ్ళని తేట చేస్తున్నాడు. పైగా అక్కట. ఎనిమిది నెలలు సత్తమ్మా, ఓ ముసలమ్మా అని పిలిచిన నోరు.

"పొద్దుగాల అదే సెల్లుల బిలాంకు పెట్టింది సార్ చంద్రికమ్మ. బటన్ ఒత్తకముందే గీత లేవలే. గ్లాసు గలీజుంటె బిలాంకు సుత మెరవాలె గద. బిలాంకుల లేని గలీజు మా నీళ్ళు పోస్తెనే ఎట్లొచ్చింది?"

చంద్రిక తలెత్తి సత్తమ్మను చూసింది. ఎమ్మెస్సీలో రెండేళ్ళు చెప్పించుకున్న పాఠం అది. పొద్దున ఇదే క్యాబిన్‌లో తన నోటివెంట రావలసిన మాట, రాని మాట. మళ్ళీ తల దించుకుంది. దామోదర్ ముఖంలో నవ్వు పోయింది.

"అచ్చరం ముక్క రానిదానివి, నువ్వు నాకు బ్లాంకు జెప్తవా? ముద్ర ఏస్తవా, ఎయ్యవా?"

"ఎయ్య సార్. నేను సబ్బుపొడి ముట్టలే. ముట్టిన్నని ఎట్ల జెప్త? నువ్వు పగటీలి పోసిన బిలాంకు నేను జూసిన."

అయితే రేపటినుంచి రావద్దన్నాడు ఆయన. గొంతు పెంచలేదు, కాగితాలు సర్దుకుంటూ అన్నాడు. సత్తమ్మ సరేనని బయటికి వచ్చింది. ఏడవలేదు. ఏడుపు రాలేదు, అంతే.

సింకు దగ్గర పని మిగిలి ఉంది. పని మిగిల్చి వెళ్ళటం ఆమెకు చేతకాదు. ఇరవై ఏడు గాజులు కడిగింది. చివరగా దామోదర్ పడేసిన సెల్లు తీసుకుని యూవీ డబ్బాలో చూసింది. చేతులకు ఏ క్రీము రాసుకున్నాడో, గాజు మీద ఆయన వేళ్ళ అచ్చులు లేతగా వెలుగుతున్నాయి. నాలుగు వేళ్ళూ, బొటనవేలూ. ఒక నిమిషం అలా చూసి, ప్రత్యేకమైన సబ్బునీళ్ళతో కడిగి, ఆసిడ్‌లో ముంచి, మంచినీళ్ళతో మూడుసార్లు తొలిచింది. మళ్ళీ చూస్తే ఏమీ కనపడలేదు. కాగితం మీద బోర్లించి, చేతులు తుడుచుకుని, వాషింగ్ రిజిస్టరు తెరిచింది. తేదీ వేసింది. పొద్దుటినుంచీ కడిగిన గాజులు మొత్తం అరవై నాలుగు. ఏ సబ్బు అన్నచోట ఒకటో నంబరు వేసింది. ఒకటి అంటే ప్రత్యేకమైన సబ్బునీళ్ళు. బట్టల సబ్బుపొడికి అసలు నంబరే లేదు. సంతకం చోట నిదానంగా, వత్తు మరీ లావైపోకుండా, సత్తమ్మ అని రాసింది.

చంద్రిక మెట్లదాకా వెంట వచ్చింది. ఏదో చెప్పాలని చూసింది. తన ఉద్యోగం సంగతి, ఉప్పల్లో అద్దె సంగతి చెబుతుందని సత్తమ్మకు అర్థమైంది. వినదలచుకోలేదు. కోపం చంద్రిక మీద కూడా ఉంది, ఎందుకుండదు? పిల్ల మంచిదే. మంచిదైతే నోరెందుకు పడిపోయింది?

"నువ్వు సదువుకున్నదానివి బిడ్డా. నేను కడిగేటిదాన్ని. నా పని నేను సాఫుగ జేసిన."

అంతే అని మెట్లు దిగింది. విప్పని అన్నం డబ్బా సంచిలో అలాగే ఉంది. గోడౌను ముందు అట్టపెట్టెల లారీ పక్కనుంచి, రంగుల కంపెనీ గోడ వెంట నడిచింది. ఆ గోడకు ఈమధ్యే పచ్చరంగు వేసి, చెట్లు పెంచండి అని పెద్ద అక్షరాలతో రాశారు. ఏం రాశారో ఆమెకు తెలియదు. తెలిసుంటే అక్కడే నిలబడి తిట్టి ఉండేది.

బస్తీ మొదట్లో ట్యాంకరు ఆగి ఉంది. బిందెల వరస పోచమ్మ గుడిదాకా సాగింది. హన్మయ్య పైపు పట్టుకుని, తోసుకోకండని అందరినీ అదుపు చేస్తున్నాడు. దారం విప్పిన ముంజెయ్యి బోసిగా ఉంది. సత్తమ్మను చూడగానే పైపు పక్కవాళ్ళకు ఇచ్చి వచ్చాడు. ఏమైంది సత్తక్కా, మన డబ్బానే చూసిన్రా, దారం ఉందా అని అడిగాడు. వరసలో ఆడవాళ్ళు కూడా అటు తిరిగారు.

"దారం ఉన్నది. డబ్బా మనదే. రిపోర్టు మంచిగొస్తది హన్మయ్యా. నీళ్ళు మాత్రం తాగకున్రి."

ఎవరికీ అర్థం కాలేదు. రిపోర్టు మంచిగా వస్తే నీళ్ళెందుకు తాగకూడదని ఒకామె అడిగింది. సత్తమ్మ అక్కడే బండ మీద కూర్చుని, బిలాంకు అంటే ఏమిటో మొదలుపెట్టి, తూకంరాళ్ళ పళ్ళెం కింది అయస్కాంతం సంగతి దాకా వాళ్ళకు విడమరిచి చెప్పింది. ట్యాంకరు ఖాళీ అయ్యేసరికి అందరికీ తెలిసిపోయింది. రేపు తెల్లారి మున్సిపాలిటీ ఆఫీసుకి బిందెలతో పోదామని హన్మయ్య అన్నాడు. కాగితం కంపెనీ చేతిలో ఉంటే మన మాట ఎవరు వింటారని ఇంకొకరు అన్నారు.

మర్నాడు ల్యాబులో సింకు నిండా ఎంగిలి గాజు పడి ఉంది. కొత్త మనిషి ఇంకా దొరకలేదు. చంద్రిక బల్ల మీద రిపోర్టు సిద్ధంగా ఉంది, పరీక్ష చేసినవారి సంతకం ఒక్కటే తక్కువ. సత్తమ్మ సాయంత్రం మళ్ళీ వచ్చి తప్పు ఒప్పుకుందనీ, రిజిస్టరులో రాయించి ముద్ర వేయించాననీ, ఇంక నువ్వు భయపడాల్సిన పని లేదనీ దామోదర్ పొద్దున్నే చెప్పాడు. చంద్రికకు గుండెలమీద బరువు దిగినట్టయింది. ఒప్పుకుందా, పోనీలే అనుకుంది. అలా అనుకున్నందుకు వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. పెన్ను మూత తీసి, సంతకం పెట్టబోతూ, లేచి వెళ్ళి వాషింగ్ రిజిస్టరు తెరిచింది.

నిన్నటి తేదీ మీద రెండు వరసలున్నాయి. పై వరసలో గాజులు అరవై నాలుగు, సబ్బు ఒకటి, సత్తమ్మ అని సంతకం. దాని కింద దామోదర్ చేతిరాతతో, పొరపాటున బట్టల సబ్బుపొడితో కడిగాను అని ఒక ముక్క, పక్కన ఒక వేలిముద్ర. చంద్రిక పేజీలు వెనక్కి తిప్పింది. ఏప్రిల్, మార్చి, ఫిబ్రవరి. ఒక్క రోజు తప్పకుండా అదే సంతకం, అదే లావాటి వత్తు. ఆ రిజిస్టరులో వరసల్ని ఒక్కసారైనా శ్రద్ధగా చూసినవాడెవడూ సత్తమ్మ పేరు మీద వేలిముద్ర వెయ్యడు.

ఆమె పెన్నుకి మూత పెట్టేసింది. సంతకం చోటు ఖాళీగా ఉన్న రిపోర్టుని మడిచి రిజిస్టరులో ఉంచి, సోమవారం తనిఖీవాళ్ళ కోసం కట్టగట్టిన పుస్తకాల మీద, అన్నిటికన్నా పైన, ఆ పేజీ దగ్గరే తెరిచి పెట్టింది. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని, దామోదర్ క్యాబిన్ వైపు నడిచింది.

కిటికీలోంచి పడ్డ ఎండలో రిజిస్టరు తెరిచే ఉంది. సత్తమ్మ సంతకం కింద ఊదా సిరాలో వెడల్పాటి మగ బొటనవేలు, ఆసిడ్ ఏనాడూ తగలని వేలు, ఒక్క గీత కూడా అరగకుండా స్పష్టంగా పడి ఉంది.